ఒకసారి సర్వర్ ఆపి చూపించండి సార్

నాచారంలో నేను మొదట పనిచేసిన ఆఫీసు ఒక ప్లాస్టిక్ డబ్బాల ఫ్యాక్టరీ పైఅంతస్తులో ఉండేది. కింద మిషన్లు నడుస్తున్నంతసేపూ మా బల్లలు సన్నగా వణికేవి. ల్యాబులకు, చిన్న ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ చేసివ్వడం మా కంపెనీ పని. అందులో డేటాబేస్ నాది. అంటే రోగుల వివరాలు, పరీక్షల ఫలితాలు అన్నీ దాచి ఉంచే చోటు. క్లౌడ్‌లో ఒక సర్వర్ అద్దెకు తీసుకుని, దాని మీద డేటాబేస్ పెట్టి, అది పడిపోకుండా చూసుకోవాలి. ఆ పనంటే నాకు ఇష్టంగా ఉండేది. ఖాళీ సర్వర్ మీద ఒక్కో కమాండ్ కొడుతూ పోతే చివరికి ఎక్కడో ఒక ల్యాబులో ఎవరి రక్తపరీక్ష ఫలితమో తెరమీదికి వస్తుంది. ఇంటికి వెళ్లేటప్పుడు షేర్ ఆటోలో కూర్చుని కూడా దాని గురించే ఆలోచించేదాన్ని.

మా మేనేజర్ మాటకారి. కస్టమర్ ముందు కూర్చుంటే చేయని పని కూడా చేసినట్టే చెప్పగలడు. రామంతాపూర్‌లో ఒక ల్యాబు మాకు మొదటి పెద్ద కస్టమర్. వాళ్ల డేటాబేస్ నేనే పెట్టాను. పెట్టాక కొన్నాళ్లకు నన్ను వేరే పనిమీదికి మార్చి, ఆ సర్వర్‌ను మేనేజర్ తన చేతిలోకి తీసుకున్నాడు. నాకు దాంతో సంబంధం లేకుండా పోయింది.

అసలు జరిగిందేమిటో అర్థం కావాలంటే ఒక్క సంగతి తెలియాలి. క్లౌడ్‌లో దొరికే కొన్ని మెషీన్లకు రెండు రకాల డిస్కులు ఉంటాయి. ఒకటి శాశ్వతమైనది. మెషీన్ ఆపినా అందులో పెట్టింది పోదు. రెండోది తాత్కాలికం. చాలా వేగంగా నడుస్తుంది గానీ, మెషీన్ ఆపితే దానిమీద ఉన్నదంతా పోతుంది. ఆ తర్వాత ఎవరి కాళ్లు పట్టుకున్నా తిరిగి రాదు. నేను డేటాను శాశ్వతమైన డిస్కు మీదే పెట్టాను. ల్యాబు వాళ్లు రిపోర్టులు మెల్లగా వస్తున్నాయని అంటే, మేనేజర్ నాతో ఒక్కమాట అనకుండా డేటాను తాత్కాలిక డిస్కు మీదికి మార్చాడు. ఇంకా వేగం కావాలని బ్యాకప్ కూడా ఆపేశాడు. ఆ మీదట ఒక పండగ సెలవుల్లో, ఎవరూ వాడటంలేదు కదా అని మెషీన్ ఆపాడు.

సెలవులు అయ్యాక పొద్దున్నే ల్యాబు తెరిస్తే డేటాబేస్ ఖాళీగా ఉంది. నేను పెట్టిన రోజుల్లో తీసిన పాత బ్యాకప్ దొరికింది గానీ, ఆ తర్వాతి నెలలన్నీ పోయాయి.

మేనేజర్ నన్ను పిలిచి చూడమన్నాడు. చూడగానే నాకు విషయం తెలిసిపోయింది.

"సార్, డేటా టెంపరరీ డిస్కు మీదికి ఎవరు మార్చిన్రు? మెషీన్ ఎవరు ఆపిన్రు?" అన్నాను.

అతను కుర్చీలోంచి లేచి తలుపు వేశాడు. "డేటాబేస్ పెట్టింది ఎవరు?"

"నేనే సార్. గానీ నేన్ పెట్టింది..."

"గంతే. పెట్టింది నువ్వే. పద, ల్యాబుకు పోదాం."

ఏదో సర్దిచెప్పడానికి తీసుకెళ్తున్నాడనుకున్నాను. అతని కారులోనే వెళ్లాం. దారంతా ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాడు. ల్యాబు ముందు మెట్లమీద దాకా జనం ఉన్నారు. పాత రిపోర్టులు కావాలని అరుస్తున్నారు. ఒక పెద్దాయన తన భార్యకు ఆపరేషన్ ఉందని, డాక్టర్ పాత ఫలితాలు అడుగుతున్నాడని రిసెప్షన్ బల్ల మీద చేత్తో కొడుతున్నాడు. ల్యాబు యజమానురాలు, అందరూ మేడం అని పిలిచే ఆవిడ, మధ్యలో నిలబడి ఉంది. మేనేజర్ నేరుగా ఆవిడ దగ్గరికి వెళ్లి, అందరికీ వినబడేలా, నావైపు చెయ్యి చూపించాడు.

"గీ అమ్మాయే మేడం. పెట్టేటప్పుడే తప్పు జేసింది. ఇయ్యాల్నే తీసేస్తున్నం."

మేడం నన్ను కింది నుంచి మీదికి చూసింది. "ఏందమ్మా, చదువుకున్నవ్ గదా? మంది పానాలతోటి ఆటలా?"

పెద్దాయన బల్ల కొట్టడం ఆపి నావైపు తిరిగాడు. నేనేం చెబుతానో అని చూస్తున్నాడు. అప్పుడు నా నోట్లోంచి "సారీ" అనే మాట వచ్చింది. ఆయన భార్య గురించి అన్నాను నేను. కానీ అక్కడున్న వాళ్లందరికీ అది ఒప్పుకోలు లాగే వినబడింది. మేనేజర్ తల ఊపాడు, అయిపోయింది అన్నట్టు. ఆ తల ఊపడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

అక్కడితో ఆగితే మరిచిపోయేదాన్నేమో. అతను ఆగలేదు. ఈ ఊళ్లో ఆసుపత్రి సాఫ్ట్‌వేర్లు చేసేవాళ్లందరికీ ఒకరికొకరు తెలుసు. హబ్సిగూడలో ఒక ఇంటర్వ్యూకు వెళ్తే, ఎదురుగా కూర్చున్నతను నా కాగితాలు తిరగేయకముందే, "ల్యాబు డేటా లేపేసింది మీరేనా మేడం?" అని నవ్వుతూ అడిగాడు. తార్నాకలో ఇంకొకరు అడగలేదు గానీ, ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఎక్కడికి వెళ్లినా నాకన్నా ముందు ఆ మాట వెళ్లి కూర్చునేది.

అమ్మ మల్లాపూర్‌లో ఒక బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ మీద పనిచేసేది. ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక నా తలమీద చెయ్యి పెట్టి, "మనసుల పెట్టుకోకు బిడ్డా. ఆయన సంగతి దేవుడు జూస్కుంటడు," అనేది.

"దేవునికి మస్తు పనులుంటయమ్మా. గీ ఒక్క సంగతి నేన్ జూస్కుంట," అనేదాన్ని.

అమ్మ కోప్పడేది కాదు. భయపడేది. నేను అన్నం తింటున్నా, స్నానం చేస్తున్నా ఆ మనిషి ముఖమే కళ్లముందు పెట్టుకుని ఉంటానని ఆమెకు తెలుసు. అతనికి ఏం జరగాలో రకరకాలుగా ఊహించుకునేదాన్ని. అతను కూడా ఎక్కడో జనం మధ్యలో నిలబడాలి. ఎవరో అతనివైపు చెయ్యి చూపించాలి. ఆ చెయ్యి నాదై ఉండాలి. ఇదే నా ప్రార్థన ఆ రోజుల్లో.

చివరికి ఉప్పల్‌లో ఒక ఆసుపత్రిలో రిజిస్ట్రేషన్ కౌంటర్ దగ్గర పని దొరికింది. వచ్చినవాళ్ల పేరు, వయసు, ఏ డాక్టర్ అని కంప్యూటర్లో కొట్టి చీటీ ఇవ్వడం. ఆసుపత్రి నడిపే పెద్ద డాక్టర్‌గారు నల్గొండ వైపు మనిషి. గట్టిగా మాట్లాడతారు గానీ ఎవరినీ ఒక మాట అనరు. అక్కడ నా పాత సంగతి ఎవరికీ తెలియదు. నేనూ చెప్పలేదు. కౌంటర్ అద్దం వెనక కూర్చుని, మెట్రో రైలు పోతున్న చప్పుడు వింటూ చీటీలు ఇచ్చేదాన్ని.

ఒక వానాకాలం, ఉప్పల్ రోడ్లన్నీ మునిగిన రోజు, నీళ్లు ఆసుపత్రి సెల్లార్లోకి వచ్చాయి. ఆసుపత్రి రికార్డులన్నీ అక్కడి కంప్యూటర్లోనే ఉండేవి. ఎలాగో దాని డిస్కును బయటికి తీసి ఎండబెట్టి, అందులో ఉన్నదాన్ని మళ్లీ చదివించగలిగారు. ఆ భయంతో పెద్ద డాక్టర్‌గారు, ఇక అంతా క్లౌడ్ మీద పెడదామని, కంపెనీల వాళ్లను పిలిచి చూపించమన్నారు. రోజూ కంప్యూటర్ ముందు కూర్చునే మమ్మల్ని కూడా మీటింగుకు రమ్మన్నారు.

లోపలికి వచ్చిన మనిషిని చూడగానే గుర్తుపట్టాను. అతనే. ఇప్పుడు సొంత కంపెనీ పెట్టుకున్నాడట. కొంచెం లావయ్యాడు. నన్ను చూసి ఒక్కక్షణం ఆగి, చూడనట్టే ప్రొజెక్టర్ వైర్ తగిలించుకోవడంలో మునిగిపోయాడు.

మాట మాత్రం అలాగే ఉంది. తెరమీద రంగురంగుల బొమ్మలు చూపిస్తూ, "సార్, మా డేటాబేస్ ఆల్రెడీ క్లౌడ్ మీద నడుస్తున్నది. వాన వచ్చినా, భూకంపం వచ్చినా ఏం గాదు. మీరు ఫికర్ జెయ్యకుండ్రి," అన్నాడు.

ఎవరైనా ఏమైనా అడుగుతారా అని డాక్టర్‌గారు చుట్టూ చూశారు. నేను లేచి నిలబడ్డాను.

"సార్, గీ సర్వర్ ఇప్పుడు ఒకసారి ఆపి, మళ్ల ఆన్ జేసి సూపెట్టుండ్రి. డేటా అట్లనే ఉంటదా సూద్దాం."

గదిలో మిగతావాళ్లకు అది మామూలు ప్రశ్న. అతనికి కాదు. నావైపు చూశాడు. ముఖంలో రక్తం దిగిపోయింది. నిజంగానే దిగిపోయింది, నేను కళ్లారా చూశాను.

"అంటే... డెమో మధ్యల ఆపుడంటే జర కష్టమమ్మా."

"ఎంతసేపు సార్? ఆపుడు, ఆన్ జేసుడే గదా."

"నెట్‌వర్క్ స్లో ఉన్నది ఇక్కడ."

డాక్టర్‌గారు ముందుకు వంగారు. "ఏందయ్యా, భూకంపం వచ్చినా ఏం గాదంటివి. ఒక్క బటన్ నొక్కనీకి గింత ఆలోచన జేస్తున్నవ్?"

అతను మౌస్ మీద చెయ్యి పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు. అందరూ అతన్నే చూస్తున్నారు. నేను కూర్చోలేదు. నిలబడే ఉన్నాను, అతను నన్ను నిలబెట్టిన రోజులాగే. చివరికి ల్యాప్‌టాప్ మూసి, "ఇంకోసారి వచ్చి సూపెడత సార్," అన్నాడు.

విచిత్రం ఏమిటంటే, ఆ రోజు అతని డేటా సరైన డిస్కు మీదే ఉంది. అతని దగ్గర పనిచేసే టెక్నీషియన్ తర్వాత నాతో చెప్పాడు. ఆపి ఆన్ చేసి ఉంటే ఏమీ అయ్యేది కాదు. ఒప్పందం అతనిదే అయ్యేది. కానీ తన డేటా దేనిమీద ఉందో అతనికే తెలియదు. అడగడానికి అక్కడ ఎవరూ లేరు. ఆ సంగతి విన్న రోజు నాకు కలిగిన సంతోషం చెప్పలేను.

అతను వెళ్లాక డాక్టర్‌గారు నన్ను తన గదికి పిలిచారు. "గట్లెందుకు అడిగినవమ్మా? ఆయన నీకు ముందే తెలుసా?"

అంతా చెప్పాను. ల్యాబు, మెట్లమీద జనం, సారీ, అన్నీ. ఆయన మధ్యలో ఆపలేదు. విన్నాక కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"మరి గా డేటాబేస్ నువ్వు పెట్టగలుగుతవా?"

"పెడత సార్."

"కోపం మీద పెడతవా, సోయి మీద పెడతవా?"

"రెండిటి మీద పెడత సార్," అన్నాను. ఆయన నవ్వారు గానీ నేను నవ్వలేదు.

మీటింగు గదిలో ఒక మూల నాకు బల్ల వేయించారు. పగటిపూట, రోగుల రద్దీ తగ్గాక, అక్కడ కూర్చుని పెట్టాను. క్లౌడ్‌లో కొత్త మెషీన్ తీసుకున్నాను. ఏదైనా చేయడానికి ముందు డిస్కుల పట్టిక తెరమీదికి తెచ్చుకుని, శాశ్వతమైనది ఏదో ఒకటికి పదిసార్లు చూసుకున్నాను. డేటా అక్కడే ఉండేలా పెట్టి, తర్వాత డేటాబేస్ ఎక్కించి, ఆసుపత్రి పాత రికార్డులన్నీ అందులోకి చేర్చాను. ఇన్నేళ్ల తర్వాత నల్లటి తెరమీద నా వేళ్లు కమాండ్లు కొడుతుంటే, అవి మరిచిపోలేదని తెలిసి కళ్లు చెమ్మగిల్లాయి. బయటివాళ్లెవరూ తలుపు తట్టకుండా, ఆసుపత్రి కనెక్షన్ నుంచి వస్తేనే తెరుచుకునేలా కట్టడి చేశాను. బ్యాకప్ వేరే చోటికి రోజూ వెళ్లేలా పెట్టాను. ఒక్కో మెట్టు దగ్గర అతని గొంతు చెవిలో వినబడుతూనే ఉండేది: పెట్టింది నువ్వే. అవును, పెట్టింది నేనే. ఇప్పుడు చూడు.

అంతా అయ్యాక డాక్టర్‌గారిని, కౌంటర్ వాళ్లను, నర్సులను పిలిచాను. అందరిముందు సర్వర్ ఆపాను. తెర ఖాళీ అయింది. ఒక నర్సు, "అయ్యో, పోయిందా?" అంది. మళ్లీ ఆన్ చేశాను. రికార్డులు ఒక్కటీ పోకుండా వచ్చాయి. డాక్టర్‌గారు నా భుజం తట్టి, అప్పటికప్పుడే నన్ను కౌంటర్ నుంచి తీసి ఆ పనికే వేశారు.

డేటాబేస్ నాది, సరే. దానిమీద డాక్టర్లకు, బిల్లింగుకు కావాల్సిన తెరలన్నీ చేయడానికి ఒక కంపెనీ కావాలి. ఆ తెరల వరకూ అతని కంపెనీవే బాగున్నాయి. ఎవరికివ్వాలో డాక్టర్‌గారు నన్నే తేల్చమన్నారు. ఆ సంగతి ఎలా తెలిసిందో, మర్నాడే అతను ఆసుపత్రి బయట చాయ్ దుకాణం దగ్గర నాకోసం నిలబడ్డాడు.

"అమ్మా, అయిందేందో అయింది. గప్పుడు నా పరిస్థితి గట్లుండె. నువ్వు మనసుల పెట్టుకోకు."

మా అమ్మ అనే మాటే. కానీ అతని నోట్లోంచి వింటే ఒళ్లు మండింది.

"పని కావాల్నా సార్?"

"కావాలె అమ్మా."

"రామంతాపూర్ పోదాం పాండ్రి. ఆ మేడం ముంగట నిజం చెప్పుండ్రి. గప్పుడు చూస్త."

అతను తల దించుకున్నాడు. ఒప్పుకోడనుకున్నాను. ఒప్పుకున్నాడు. ఈసారి అతని కారులో ఎక్కలేదు నేను. షేర్ ఆటోలో వెళ్లి, ల్యాబు ముందు అతనికోసం ఎదురుచూశాను.

లోపల మేడం తన గదిలో ఒంటరిగా ఉంది. అతను కూర్చోకుండానే చెప్పాడు, గబగబా, నేలచూపులు చూస్తూ. డేటా మార్చింది తనేనని, మెషీన్ ఆపింది తనేనని, అమ్మాయికి సంబంధం లేదని. ఇన్నేళ్లుగా నేను ఎదురుచూసిన మాటలు.

మేడం చేతిలో పెన్ను కూడా కింద పెట్టలేదు. "నాకు తెలుసు గదా. గీయన గా రోజు సాయంత్రమే ఫోన్ జేసి చెప్పిండు," అంది.

"తెలుసా?"

"తెలుసమ్మా. ఏం జెయ్యాలె మరి? బయట మంది గట్ల మీద పడుతున్నరు. వాళ్లకు ఒక మొఖం సూపెట్టాలె. సూపెట్టినం. వాళ్లు సల్లబడ్డరు. నువ్వు చిన్నపిల్లవు, ఇంకో నౌకరీ దొరుకుతదనుకున్న." ఆ తర్వాత, నిజంగా గుర్తుచేసుకుంటున్నట్టు, "ఇప్పుడు మంచిగనే ఉన్నవ్ గదా?" అని అడిగింది.

ఏం చెప్పానో గుర్తులేదు. మెట్లు దిగి, దగ్గర్లో ఉన్న చెరువు వైపు నడిచాను. అతను వెనకే వచ్చాడు. గట్టుదగ్గర ఆగి, "ఇగ అయిపోయింది గదమ్మా?" అన్నాడు.

"కాలే. ఎవరెవరికి నా పేరు చెప్పిన్రో, అందరికీ ఫోన్ జెయ్యుండ్రి. ఇక్కడనే. స్పీకర్ పెట్టి."

"ఏం మాట్లాడుతున్నవమ్మా?"

"జేస్తరా, పోదునా?"

చేశాడు. చెరువు కంపు కొడుతుండగా, ఆటోల హారన్ల మధ్యలో నిలబడి ఒక్కొక్కరికీ చేశాడు. హబ్సిగూడలో నన్ను నవ్వుతూ అడిగినతను, "అట్లనా అన్నా, సరే సరే," అని పెట్టేశాడు. తార్నాకలో ఆయన ఎందుకు చెబుతున్నాడో అర్థంకాక అనుమానంగా విన్నాడు. ఇంకొకరైతే, "ఏ అమ్మాయి అన్నా? నాకు యాదికి లేదు," అన్నాడు. మేనేజర్ నావైపు చూశాడు. చెప్పుండ్రి అన్నట్టు తల ఊపాను. మొత్తం కథ మొదటి నుంచి ఆ మరిచిపోయిన మనిషికి చెప్పించాను.

పని అతనికే ఇచ్చాను. తెరలు బాగున్నాయి కాబట్టి ఇచ్చాను, డాక్టర్‌గారికి కూడా అదే చెప్పాను. కానీ సర్వర్ తాళం ఇవ్వలేదు. తెరలు నడిచే ఖాతా నా దగ్గరే ఉంచుకుని, అతని కంపెనీ మనుషులకు డేటాబేస్‌లో చూడటానికి మాత్రమే పనికొచ్చే ఒక ఖాతా తెరిచాను. చదవొచ్చు, మార్చలేరు, తీసేయలేరు. ఏ చిన్న మార్పు కావాలన్నా అతనే స్వయంగా ఫోన్ చేసి నన్ను అడగాలని పెట్టాను. ఇప్పటికీ అడుగుతాడు. "అమ్మా, జర యాక్సెస్ ఇస్తవా?" అంటాడు. రోగులకు సంబంధించిన పనైతే వెంటనే చేసేస్తాను. కాకపోతే, "మీటింగుల ఉన్న సార్," అని చెప్పి నింపాదిగా చాయ్ తాగుతాను. నాకు అందులో ఏ సిగ్గూ లేదు.

మేడం సంగతి మిగిలింది. మా ఆసుపత్రి కొన్ని పరీక్షలు బయట ల్యాబులకు పంపుతుంది. వాటి ఫలితాలు నేరుగా మా డేటాబేస్‌లోకి వచ్చేలా ఒక ల్యాబును కలపాల్సి వచ్చింది. పోటీకి ఇద్దరు వచ్చారు. ఒకటి రామంతాపూర్‌ది, ఇంకొకటి లాలాపేట్ ఫ్లైఓవర్ పక్కన కొత్తగా తెరిచినది. పని ఇద్దరిదీ ఒకటేలా ఉందని డాక్టర్లే అన్నారు. ఎవరిని కలపాలో నా ఇష్టానికి వదిలారు. నేను లాలాపేట్ వాళ్లను కలిపాను.

మేడం ఫోన్ చేసింది. "ఏందమ్మా, మా ల్యాబు దగ్గర ఏం తక్కువైంది?"

"ఏం తక్కువ లేదు మేడం."

"మరెందుకు?"

"ఎవరో ఒకరికి లేదని చెప్పాలె గదా మేడం. మీకు చెప్పిన," అన్నాను.

ఆవిడ ఫోన్ పెట్టేసింది.